దసరా బొట్టు పెట్టుకున్న ప్రోగ్రామర్

బందరులో నాకో చిన్న ఎలక్ట్రానిక్స్ షాపు ఉండేది. అందులో నేను గర్వపడే వస్తువు ఒక్కటే, చిప్పుల్లోకి ప్రోగ్రాం ఎక్కించే ప్రోగ్రామర్. కొన్నది కాదు, నేను చేసుకున్నది. చిల్లుల బోర్డు మీద నాలుగు ట్రాన్సిస్టర్లు, చిప్ కూర్చోడానికి ఒక సాకెట్, కంప్యూటరుకి తగిలించే వైరు. ఎవరైనా "ఇది పనిచేస్తుందా?" అని అడిగితే నాకు ఒళ్లు మండేది.

నిజానికి దానికి మహా పెంకితనం. ఫ్యాను వేస్తే ఒకలా, ఆపితే ఒకలా. చిప్‌ని బొటనవేలితో నొక్కిపట్టుకుంటే బుద్ధిగా ఉండేది. ఎక్కించినదాన్ని తిరిగి చదివి సరిచూసే ఏర్పాటు కూడా పెట్టాను కానీ, మాటిమాటికీ తప్పు, తప్పు అని గోల పెడుతుంటే విసుగొచ్చి తీసేశాను. ఆ రోజు నుంచి ఒక్క తప్పూ రాలేదు!

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ అంటూ మా అమ్మ షాపులో ప్రతిదానికీ పసుపూ కుంకుమా పెట్టింది. ప్రోగ్రామర్‌కైతే సరిగ్గా సాకెట్ మీదే పెట్టింది.

"దానికెందుకమ్మా?"

"నీకు అన్నం పెట్టేది అదే కదరా!" అని ఇంకాస్త కుంకుమ అద్దింది.

కొద్ది రోజుల్లో రంజాన్. మా వీధి మసీదు పెద్దాయన కలంకారీ అచ్చులు చెక్కేవారు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. రోజూ ఉపవాసం విడిచే సమయం ఎర్ర అంకెల్లో చూపించే బోర్డు కావాలన్నారు. ముప్పై రోజుల సమయాలూ ఒక చిప్‌లో ఎక్కించి, రెండు రోజుల ముందే తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, సమయాలు అచ్చేసిన కాగితం తీశారు.

"ముప్పై రోజులూ చూపించు అబ్బాయ్."

"మెషీను కదండీ బాబాయ్. ఒకటి సరిగా ఉంటే అన్నీ సరిగానే ఉంటాయి."

"అచ్చు చెక్కాక గుడ్డ మీద వేసి చూడకుండా నేను ఎవరికీ ఇవ్వను. నువ్వు చూసుకోవా?"

పళ్లు కొరుక్కుంటూ, రోజు మార్చే మీట నొక్కడం మొదలుపెట్టాను. పద్దెనిమిదో రోజు దగ్గర కాగితంలో ఐదూ ముప్పై ఒకటి. బోర్డు మీద ఐదూ ఇరవై ఏడు.

"నాలుగు నిమిషాలు ముందే చెబుతోందే," అన్నారాయన మెల్లగా. "ఇది నమ్మి నోట్లో ఖర్జూరం వేసుకుంటే, ఆ రోజు ఉపవాసం అందరిదీ పాడైపోదూ?"

తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో బోర్డు చంకన పెట్టుకుని వచ్చేశాను.

షాపుకొచ్చి టార్చి వేసి చూస్తే ప్రోగ్రామర్ సాకెట్ చిల్లుల్లో కుంకుమ! అమ్మ మీద విరుచుకుపడదామని లేచాను. కానీ సరిచూడటం మానేసింది అమ్మ కాదు కదా అని మళ్లీ కూర్చున్నాను. కొత్త సాకెట్ వేశాను. తీసేసిన ఏర్పాటు తిరిగి పెట్టాను, అది మళ్లీ గోల పెట్టింది. ఈసారి విన్నాను. వైరు మార్చి, అతుకులన్నీ మళ్లీ వేస్తే నాలుగోసారికి నోరు మూసింది. దసరా తర్వాత దీంతోనే ప్రోగ్రాం ఎక్కించి నాగాయలంక చేపల చెరువుకి పంపిన మోటారు టైమరు గుర్తొచ్చి మర్నాడే బస్సెక్కాను. అది బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎలా నడుస్తోందో నాకైతే తెలియదు.

సమయాలు మళ్లీ ఎక్కించి, ముప్పై రోజులూ బాబాయ్ ముందు కూర్చుని సరిచూశాక బోర్డు గోడకెక్కింది. అయినా పద్దెనిమిదో రోజు సాయంత్రం నాకు కాళ్లు నిలవలేదు. షాపు మూసి మసీదు గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఐదూ ఇరవై ఏడు అయింది. లోపల ఎవరూ కదల్లేదు. అందరి చేతుల్లో ఖర్జూరాలు, అందరి కళ్లూ బోర్డు మీదే. చేతికి వాచీ ఉన్నవాళ్లు కూడా దానివంక చూడలేదు. నేనొక్కణ్ణే నా వాచీ చూసుకుంటున్నాను. అంత భయం పరీక్ష ఫలితాలప్పుడు కూడా వేయలేదు.

ముప్పై ఒకటికి అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. బాబాయ్ లేచి గుమ్మం దాకా వచ్చి, నా చేతిలో ఒకటి పెట్టారు.

"తిను అబ్బాయ్. ఇవాళ మా అందరికన్నా గట్టిగా ఉపవాసం ఉన్నది నువ్వే."