చిట్యాల రోడ్డు మీద హీరోయిన్

టీవీలో నలుపు తెలుపు సినిమా వస్తే నాకు అవ్వ గుర్తొస్తుంది.

నా ఏడో ఏట, చిట్యాల దగ్గర మా చేను పక్కనే ఒక పేరున్న హీరోయిన్ కారు ఆగిపోయింది. ఆమె పచ్చచీర చూసి, తెర మీద మనిషికి రంగులెక్కడివని నేను అనుమానపడ్డాను. ఆమె తాగడానికి నీళ్లడిగింది.

"సినిమాల ఎగిరేదానికి మన చెంబు ఇయ్యకవ్వా," అన్నాడు మా బాపు తన తల్లితో.

అవ్వ వినలేదు. చెంబునిండా మజ్జిగ పోసి ఇచ్చింది. ఆమె తాగి, దండం పెట్టి వెళ్లిపోయింది.

బాపు చెంబు పారేయమన్నాడు. అవ్వ అందులోనే ఇంత మజ్జిగ పోసుకుని ఆయన ముందే తాగింది.

"నేను గొర్లు కాస్త, ఆమె యేషం కడ్తది. ఎవల కష్టం వాళ్లు తింటున్నం. గిండ్ల తప్పేందిరా?"



ఆ హీరోయినంటే అవ్వకు అభిమానమనుకున్నాను. అవ్వ జీవితంలో ఒక్క సినిమా కూడా చూడలేదని పెద్దయ్యాకే తెలిసింది.