సుంకరి వాటా లేని కార్డు

ఈ ఉదయం కొరియర్ అతను ఇచ్చిపోయిన కవరు చింపగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. లోపల కాగితానికి జిగురుతో అంటించిన క్రెడిట్ కార్డు ఉంది. పక్కనే పెద్ద అక్షరాల్లో, విదేశాల్లో ఎక్కడ వాడినా అదనపు రుసుము లేదని రాసి ఉంది. నేనడగలేదు, బ్యాంకువాళ్లే పంపారు. ఈ రోజుల్లో ఇలాంటి కార్డులు అడక్కుండానే ఇంటికొస్తున్నాయి. కాగితం నుంచి దాన్ని ఊడదీసినప్పుడు వచ్చే చిన్న చప్పుడూ, ఆ వాసనా కలిసి నన్ను వంటింటి గుమ్మంలోనే కూర్చోబెట్టేశాయి. ఈ వాసన నాకు పడదు. ఎందుకు పడదో చెప్పాలంటే జయరాజు సార్ గురించి చెప్పాలి.

సికింద్రాబాద్‌లో రెజిమెంటల్ బజార్‌కు వెళ్లే దారిలో, ఒక బట్టల కొట్టు పైన ఉండేది మా ట్రావెల్ ఆఫీసు. ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఊపందుకున్న రోజులవి. నిన్నటిదాకా సిటీ బస్సులో వేలాడినవాళ్లు ఆన్‌సైట్ అంటూ సింగపూర్‌కీ జర్మనీకీ టిక్కెట్లు కొనుక్కునేవారు. మాది విజయనగరం నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడిన కుటుంబం. డిగ్రీ అయితే ఉంది గాని, ఇంగ్లీషు నాకు నోరు తిరిగేది కాదు. తిరిగిన ప్రతి ఆఫీసులోనూ మొహం మీదే వద్దన్నారు. జయరాజు సార్ మా మేనేజరు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన తల, జేబులో ఒక భూతద్దం. ఇంటర్వ్యూలో ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏదో క్రెడిట్ కార్డు షరతుల కాగితం నా ముందుకు తోశారు.

"ఇది చదివి తెలుగులో చెప్పమ్మా."

"సార్, నాకు ఇంగ్లీషు అంతగా..."

"తెలుగులోనే కదమ్మా చెప్పమంటున్నాను. తెలుగులో చెప్పలేకపోతే ఆ ముక్క అర్థం కాలేదన్నమాట. ఇంగ్లీషు గడగడా చదివేవాళ్లు తలాడించేసి పోతారు. నాకు తలాడించేవాళ్లొద్దు."

చెమటలు కక్కుకుంటూ ఒక్కో వాక్యమే లాగాను. తెలియని చోట తెలియదన్నాను. చివర్లో చీమల బారులాంటి అక్షరాల దగ్గర ఆగిపోతే ఆయన భూతద్దం తీసి నా చేతికిచ్చారు. సోమవారం నుంచి రమ్మన్నారు. చదువుకున్నానన్న ధైర్యం నాకు ఆ రోజే వచ్చింది. కాలేజీ ఇచ్చింది కాదది.

సార్‌కు ఒక పద్ధతి ఉండేది. టిక్కెట్టు చేతికిచ్చే ముందు ఎంత తొందరలో ఉన్నవాడినైనా కుర్చీలో కూర్చోబెట్టేవారు. "అక్కడ ఏ కార్డు గీకుతావు బాబూ?" అని మొదలుపెట్టేవారు. నువ్వు డాలర్లలో ఖర్చు పెడతావు, బ్యాంకు దాన్ని రూపాయల్లోకి మారుస్తుంది, అంతవరకూ న్యాయమే. ఆ మార్చినందుకు మళ్లీ నూటికి మూడు రూపాయల పైచిలుకు పట్టుకుంటుంది. అది ముందు చెప్పదు, బిల్లులో కలిపేస్తుంది. దాన్ని ఆయన 'సుంకరి వాటా' అనేవారు. ఊరి పొలిమేరలో కూర్చుని దారినపోయే ప్రతివాడి మూటలోనూ చెయ్యిపెట్టే పాతకాలపు సుంకరి అన్నమాట. నోట్లు మార్చుకుని పట్టుకెళ్లినా ఆ మార్చేవాడి వాటా వాడికి ఉంటుంది. అందుకని ఏ బ్యాంకు కార్డులో ఆ వాటా తక్కువో, దేనికి ఏడాది రుసుము లేదో, అన్నీ విడమరిచి చెప్పి పంపేవారు. ఆ కుర్రాళ్లు కాళ్లూపుకుంటూ వినేవారు. తిరిగొచ్చాక మాత్రం చాక్లెట్ల డబ్బా పట్టుకుని ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

పిసినారి అనుకునేరు. కాదు. నాకు పచ్చకామెర్లు వచ్చి నెలంతా మంచాన పడితే జీతం పూర్తిగా ఇప్పించి, పళ్లు పట్టుకుని మా ఇంటికొచ్చిన మనిషి. చర్చిలో ఎవరి ఇంట్లో కష్టమొచ్చినా మొదట తెరుచుకునేది ఆయన జేబే. "ఇచ్చేది ఎంతైనా ఇస్తానమ్మా. చెప్పకుండా లాక్కుంటే పైసా ఇవ్వను," అనేవారు. ఆ మాట నాకెంత నచ్చేదో. ఆ మాటే ఆయన కొంప ముంచుతుందని అప్పుడు నాకేం తెలుసు?

ఆయన భార్య సుగుణమ్మగారు. పిల్లల్లేరు. లాలాగూడలో, సార్ వాళ్ల నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ కట్టుకున్న చిన్న ఇంట్లో ఉండేవారు. ఆవిడ చర్చిలో ఆదివారం బడి పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పేవారు. గలిలయ సరస్సు పాఠం వచ్చిందంటే నల్లబల్ల నిండా నీలం సుద్దముక్కతో నీళ్లు గీసి, అందులో ఒక పడవ వేసేవారట. నా పెళ్లికాని రోజుల్లో చాలా ఆదివారాలు వాళ్లింట్లోనే భోజనం. "ఇన్నేళ్లుగా నీలం సుద్ద అరగదీస్తున్నానమ్మా, అసలా నీళ్లు నీలంగా ఉంటాయో లేదో. ఒక్కసారి వెళ్లి ఆ గట్టున ఓ వారం రోజులు ఊరికే కూర్చోవాలి," అనేవారు. అది పరాయి దేశం. చర్చివాళ్ల యాత్రలో వెళ్తే అక్కడ బస్సులో తిప్పి, గంటసేపు దింపి మళ్లీ ఎక్కిస్తారు. ఆవిడకు అలా వద్దు. అందుకే సార్ వాళ్లిద్దరే వెళ్లేటట్టు ఏర్పాటు చేసుకుంటున్నారు. అంటే గదీ తిండీ తిరుగుడూ అన్నీ కార్డు మీదే.

ఒక మధ్యాహ్నం సార్ కళ్లాసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్లిస్తే తాగారు.

"సుగుణకి నీటికాసులట. చుక్కల మందు వేస్తూ ఉండాలి. పోయిన చూపు మాత్రం మళ్లీ రాదంది డాక్టరమ్మ. చూడాలనుకున్నవి తొందరగా చూపించండి అంది."

"మరైతే బయల్దేరిపొండి సార్."

"వెళ్తాం. ఈ ఎండాకాలం దాటగానే వెళ్తాం."

ఎండాకాలం దాటేలోపు యాదగిరి వచ్చాడు. ఒక బ్యాంకు తరఫున కార్డులు కట్టబెడుతూ మా మెట్లు అరగదీసే మనిషి. మంచివాడే, సార్ అంటే ప్రాణం పెట్టేవాడు. మెట్లెక్కుతూనే కేక పెట్టాడు.

"సార్, జెర ఆగుండ్రి, టికెట్లు గిట్ట చెయ్యకుండ్రి! మా బ్యాంకుల కొత్త కార్డు షురూ చేస్తున్నరు. బయటి దేశంల ఎంత గీకినా ఒక్క పైస సుత ఎక్కువ కట్ చెయ్యరంట."

"వాటా అస్సలు లేదా?"

"అస్సల్ లేదు సార్. దసరాకు పక్కా."

సార్ ముఖం వెలిగిపోవడం నేను చూశాను. జీవితమంతా ఎవరితోనో వ్యాజ్యమాడుతున్న మనిషికి తీర్పు తన వైపు వస్తోందని తెలిసినట్టు ఉంది. ఇంతమంది కుర్రాళ్లకు ఆ వాటా కట్టొద్దని చెప్పి, తానే ఎలా కడతారు? ప్రయాణం దసరాకు వాయిదా పడింది. దసరాకు కార్డు రాలేదు. "ఢిల్లీల సంతకం ఆగింది సార్, పరేషాన్ గాకుండ్రి, క్రిస్మస్ లోపల వస్తది," అన్నాడు యాదగిరి. వాడికి పైవాళ్లు చెప్పిందే వాడు చెప్పాడు. ప్రయాణం మళ్లీ వాయిదా పడింది.

ఆ క్రిస్మస్ సాయంత్రం నేను లాలాగూడ వెళ్లాను. వీధి వీధంతా ఇళ్ల ముందు కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి. సుగుణమ్మగారు వరండాలో కూర్చుని తలను అటూ ఇటూ తిప్పుతూ ఏదో వెతుక్కుంటున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నా చూసుకోలేదు. పలకరిస్తే ఉలిక్కిపడి నా వైపు తిరిగి నవ్వారు.

"పక్కింటివాళ్లు నక్షత్రం కట్టారా అమ్మా? ఎక్కడ కట్టారో దొరకట్లేదు."

చెయ్యి పట్టుకుని చూపించాను. అది ఆవిడకు నాలుగడుగుల దూరంలోనే వేలాడుతోంది.

"గొట్టంలోంచి చూస్తున్నట్టుంది. ఎదురుగా ఉన్నదైతే బాగానే తెలుస్తోంది. ఆ చెరువుని తిన్నగా ఎదురుగా పెట్టుకుని చూస్తాలే."

"ఆంటీ, మీరైనా సార్‌కి గట్టిగా చెప్పండి. కార్డు లేకపోతే ఏమైంది?"

"ఆయనకి రూపాయి అన్యాయంగా పోతే నిద్ర పట్టదమ్మా. ఆ చెరువు ఎక్కడికి పోతుంది, రెండువేల ఏళ్లుగా అక్కడే ఉంది," అని నా పళ్లెంలో ఇంకో రోజ్ కుకీ వేశారు. పళ్లెం అంచు మీద పడి అది కింద దొర్లింది.

మర్నాడు నేను సార్‌తో దెబ్బలాడాను. అంతకు ముందెప్పుడూ ఆయన ముందు గొంతు పెంచలేదు. ఆ వాటా మొత్తం కలిపినా మీరు చర్చి పిల్లలకు క్రిస్మస్ బట్టలకిచ్చినంత ఉండదు కదా సార్ అన్నాను. ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. ఇంత ఆగాం, ఇంకో రెండు నెలలు. మందు వేస్తున్నాం కదా, చూపు నిలబడుతుంది," అన్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని మా నాయనమ్మ అనేది. షరతుల కాగితంలో కిందనున్న చీమతలల అక్షరాలన్నీ చదవగలిగిన మనిషి, డాక్టరమ్మ ఇంతింత అక్షరాల్లో చెప్పింది చదువుకోలేకపోయాడు.

రెండు నెలలు దాటినా కార్డు రాలేదు. తర్వాతి వేసవి నడిమధ్యలో ఒకరోజు సుగుణమ్మగారు పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయిందని వాసనతో తెలుసుకున్నారట. అప్పటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. సార్ ఆ వారమంతా ఆఫీసుకు రాలేదు. వచ్చాక కూడా ఆ విషయం ఎత్తనివ్వలేదు.

కార్డు వానాకాలం మొదట్లో వచ్చింది. యాదగిరి కవరూ మిఠాయి పొట్లమూ పట్టుకుని మెట్లు దూకుతూ వచ్చాడు. వాడికి ఎవరూ చెప్పలేదు, నాకు నోరు రాలేదు. "సార్, వచ్చింది సార్! మొదటి కార్డు మీకే!" అని బల్ల మీద పెట్టాడు. సార్ కవరు చింపారు. ఇదే వాసన గదంతా నిండింది. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, అలవాటు ప్రకారం భూతద్దం తీసి షరతులన్నీ చివరిదాకా చదివారు. నిజంగానే ఏ మెలికా లేదు. "మంచి కార్డే యాదగిరీ," అని మిఠాయి ముక్క నోట్లో పెట్టుకున్నారు. కిటికీ వైపు తిరిగి నిలబడిపోయారు. సంగతి తెలిశాక యాదగిరి మెట్ల మీద కూర్చుని తల బాదుకున్నాడు.

అయినా వెళ్లారు. సుగుణమ్మగారే పట్టుబట్టారు, కనీసం ఆ గాలైనా తగలనీ అని. వారం రోజులు ఆ గట్టునే ఉండి వచ్చారు. తరువాతి నెల బిల్లు వచ్చిన రోజు సార్ నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ఆ కాగితం నా ముందు పెట్టారు. నా ఇంటర్వ్యూ గుర్తొచ్చింది.

"చదివి తెలుగులో చెప్పమ్మా."

గది అద్దె, భోజనాలు, టాక్సీ. అన్నిటి కిందా అదనపు రుసుము అన్న చోట సున్నా.

"సున్నా సార్."

"సున్నా," అన్నారాయన. "చూశావా, ఒక్క పైసా పోలేదు." అని నవ్వబోయి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి అలా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక నేనూ ఏడ్చాను. కొంచెం తేరుకున్నాక తనే చెప్పారు.

"నీళ్లలో చెయ్యి పెట్టి, ఏ రంగులో ఉన్నాయండీ అని అడిగింది. నీలం అన్నాను. సరిగ్గా గీశానన్నమాట అని ఎంత సంతోషపడిందో."

నా నోరు ఊరుకోలేదు. "నిజంగా నీలమేనా సార్?"

"నేను చూడలేదమ్మా. ఆ వారం రోజులూ సుగుణ ముఖమే చూస్తూ కూర్చున్నాను. నీళ్లవైపు తల తిప్పబుద్ధి కాలేదు."

ఆ తర్వాత ఆయన ఎవరినీ కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఏ కార్డు మంచిది సార్ అని అడిగితే, ఏదో ఒకటి పట్టుకుని వెళ్లిరా బాబూ అనేవారు. భూతద్దం నాకిచ్చేశారు. ఉద్యోగం మానేశాక సుగుణమ్మగారి చెయ్యి పట్టుకుని చర్చికీ ఇంటికీ తిరగడమే ఆయన పని. ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. లాలాగూడ ఇంట్లో ఇప్పుడు వేరెవరో ఉంటున్నారు.

మా ఆఫీసున్న బట్టల కొట్టు మేడ కూడా ఇప్పుడు లేదు. నేను ఇప్పటికీ అదే పని చేస్తున్నాను, వేరే చోట. విదేశాల్లో రుసుము పడని కార్డు ఏదని అడిగేవాళ్లు రోజూ వస్తారు. సార్ నేర్పిందంతా, భూతద్దం పెట్టి మరీ, తెలుగులో చెబుతాను. చెప్పేముందు మాత్రం ఒకటి అడుగుతాను, ఎవరిని తీసుకెళ్తున్నారు, వాళ్ల ఒంట్లో ఎలా ఉంది అని. నా వైపు వింతగా చూస్తారు. మొన్నొకాయన, మా అమ్మనండీ, మోకాళ్లు అంతంతమాత్రం, అన్నాడు. ఏ కార్డున్నా సరే ఈ నెలలోనే వెళ్లిరండి అన్నాను. ఆయన నవ్వి, దీపావళికి మంచి ఆఫరేదో వస్తోందట మేడం, అప్పుడొస్తానన్నాడు.

కార్డు ఇంకా నా చేతిలోనే ఉంది. మంచి కార్డే, ఏ మెలికా లేదు. దీంతో ఎక్కడికైనా వెళ్లవచ్చు. ఫోన్ తెరిస్తే ఆ సరస్సు బొమ్మలు వందలకొద్దీ వస్తాయని కూడా తెలుసు. ఆ నీళ్లు ఏ రంగులో ఉంటాయో నేను ఇంతవరకూ చూడలేదు.