అత్త దాచిన కలుపు

మొన్న చేవెళ్లలో రైతుల మీటింగు ఉందంటే, ఇంట్లో తోచక నేనూ వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. తెర మీద పచ్చపూల మొక్క బొమ్మ వేసి ఒక కుర్ర అధికారి చెప్పుకొస్తున్నాడు: ఈ కలుపును ఎండబెట్టి, వేసవిలో మట్టిలో కలిపి, ఒక్క తడి ఇచ్చి వదిలేస్తే నేలలో దాగిన ఎండుతెగులు చాలావరకు చస్తుందట. కొత్తగా కనిపెట్టారట! అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. అది కుక్కవామింట. దానివల్లే మా మేనత్తను చూసి ఊరంతా పిచ్చిదని నవ్వింది.

మొయినాబాద్ దగ్గర అత్త ఒక ఎకరం కౌలుకు చేసేది. మామ పోయాక ఆ మిరపతోటే ఆవిడకు తిండీ బట్టా. వానకాలంలో జనం కలుపు పీకి గట్టు అవతల పారేస్తే, ఈవిడ అందులో వామింటను ఏరుకొచ్చి, కాయ కట్టకముందే ఎండబెట్టి, గడ్డివామిలా పేర్చేది. దగ్గరికి వెళ్తే ఆవాలు నూరినప్పటి ఘాటు. మండుటెండల్లో దాన్ని నరికి, దున్నిన మట్టిలో కలిపి, బావి నుంచి ఒక తడి పెట్టి, "భూమికి ఆవిరి పడుతున్న, తొక్కకుండ్రి" అని అందర్నీ తరిమేది. జలుబు చేస్తే మాకూ అదే వైద్యం కాబట్టి నాకు నవ్వొచ్చేది. పక్క చేలలో మిరప నిలువునా వడలినా ఆవిడ తోట పచ్చగా ఉండేది. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడి నేను ఊరికొచ్చాను. మనకు జరుగుతున్న అన్యాయం గురించి దారిన పోయేవాణ్ణి ఆపి మరీ చెప్పే రోజులవి. ఆ ఎండాకాలం భూమి ఆసామి వచ్చి, వామిని చూసి మండిపడ్డాడు.

"కలుపు కుప్పవెట్టి నా భూమంత ఇత్తనాలు రాలగొడ్తవా? వారం దినాలల్ల తీయకుంటే కౌలు ఇడిచిపెట్టు!"

"కాయ గట్టకముందే కోసిన పటేలా, ఇత్తులేడివి?" అంది అత్త. ఆయన ఒక్క రెమ్మ తీసి చూసిన పాపాన పోలేదు.

నాకు భయమేసింది. భూమి పోతే అత్త ఏం తింటుంది? ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లినప్పుడు నేనే ఆ వామికి అగ్గిపుల్ల గీశాను. ఘనకార్యం చేసినట్టు ఎదురెళ్లి చెప్పాను కూడా. బూడిద చూసి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అన్నేయమని పట్నంల గంత ఒర్లుతవు గద కొడుకా! నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది? ఆయన పెట్టిన గడువు లోపల్నే మట్టిల కలుపుదును" అంది.

ఆ ఏడు మిరప పూతకొచ్చేసరికి మొక్క తర్వాత మొక్క వాడిపోయింది. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. "నీకు సేద్యం చాతగాదు" అని ఆసామి కౌలు మరొకరికి ఇచ్చేశాడు. అత్త ఆ తర్వాత శంకర్‌పల్లి వైపు కూలికి పోయి, పరాయివాళ్ల తోటల్లో కలుపు పీకి బతికింది. ఆవిడకు తెలిసినంత ఆ తోటల యజమానులెవరికీ తెలియదు.

మీటింగులో లేచి ఇదంతా అరిచి చెబుదామనుకున్నాను. కానీ ఎవరి మీద అరవను? ఆసామికి పొగరు, ఊరికి వెటకారం సరే. న్యాయం కోసం గొంతు చించుకున్న నాకేమైంది? అత్తను అడగడానికి అర నిమిషం చాలేది. ఇన్నేళ్లు గడిచిపోయాయి, ఆ అర నిమిషమే ఇంకా గడవలేదు.