చిన్నాయన ఆమోదం కోసం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో, నాకు తెలియనిది ఈ లోకంలో పెద్దగా ఏమీ లేదని నా గట్టి నమ్మకం. ఎవరైనా ఏదైనా చెప్పబోతే సగంలోనే అందుకుని మిగతాది నేనే చెప్పేసేవాణ్ణి. రాజమండ్రి వైపు నుంచి వచ్చి విశాఖ స్టీల్ ప్లాంటులో స్థిరపడ్డ మా నాన్నకి నేనూ ఆ గేటు లోపలే ఏదో ఒక పని చూసుకోవాలని ఉండేది. నేనేమో ద్వారకానగర్‌లో మందుల షాపు మీద రెండు గదుల్లో నడిచే కంప్యూటర్ కంపెనీలో చేరాను. (కంపెనీ అంటే మా గురువుగారూ, నేనూ, ఒక మంచినీళ్ళ క్యానూ.) ఎవరెవరో దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేసిన వ్యాపార సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. సరుకూ బిల్లులూ ఖాతాలూ అన్నీ అదే చూసుకుంటుంది. దాన్ని తెచ్చి దుకాణాల్లో పెట్టి, వాళ్ళ పద్ధతికి తగ్గట్టు సర్దడం మా పని. ఉచితంగా దొరికేదానికి మీకెందుకురా జీతాలు అని మా అమ్మ అడిగేది. మంచి ప్రశ్నే. దానికి మా గురువుగారి దగ్గర కూడా సరైన జవాబు ఉండేది కాదు.

నన్ను ఒంటరిగా పంపిన మొదటి చోటు పాతపోస్టాఫీసు దగ్గర, ఓడలకు సరుకులు సరఫరా చేసే దుకాణం. ఓడ రేవులో ఆగిందంటే అందులో ఉన్నవాళ్ళకి బియ్యం, ఉల్లిపాయలు, సబ్బుల దగ్గర నుంచి తాళ్ళు, రంగు డబ్బాల దాకా అన్నీ కావాలి. అవి వ్యానుకెత్తి, ఓడ కదిలేలోపు అందించడం వాళ్ళ వ్యాపారం. యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆనందపురం దగ్గర పల్లెలో పొలం వదిలి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ఈ దుకాణం పెట్టిన మనిషి. మాట తక్కువ. గోడౌను చూసే ఆయన్ని తాళ్ళ బావ అనేవారు. (ఎప్పుడూ తాళ్ళ చుట్టల మధ్యే కూర్చుంటాడు. చిన్నా పెద్దా లేకుండా అందరినీ బావా అంటాడు. తన వయసులో సగం లేని నాతో కూడా మొదటిరోజే వరస కలిపేశాడు.) ఉట్టినే ఇచ్చినోడు రేపు పాడైపోతే ఎవుడొచ్చి సూత్తాడు బాబూ అని పెద్దాయన అనుమానపడ్డారు. ప్రపంచమంతా వస్తుందండీ అన్నాను నేను, కాలు మీద కాలు వేసుకుని.

సాఫ్ట్‌వేర్ పెట్టేముందు దుకాణంలో పని ఎలా నడుస్తుందో కూర్చుని చూడాలని గురువుగారు నేర్పారు. చూశాను. బిల్లు రాశాక పెద్దాయన స్వయంగా లేచి, దాన్ని కిటికీ పక్కనున్న బల్ల మీద పెట్టేవారు. ఆ బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది. కాసేపు ఆగి, బిల్లు తిరిగి తీసుకుని ముద్ర వేసి వ్యాను డ్రైవరుకిచ్చేవారు. ఇదేం పద్ధతండీ అంటే, "మా సిన్నోడు సూడాల. ఆడు సూడందే సరుకు గేటు దాటదు" అన్నారు. చిన్నోడంటే తమ్ముడు, చిన్నాయన. పొద్దస్తమానం ఓడల మీద తిరిగే మనిషి కాబోలు, బల్ల దగ్గర దొరకడం లేదనుకున్నాను. ఇంత పెద్ద వ్యాపారంలో చూడకుండానే చూసినట్టు లెక్కవేసుకుంటున్నారే అని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఇలాంటి జబ్బుకి మా దగ్గర మందుంది. బిల్లు తయారవగానే చిన్నాయన ఫోనుకి మెసేజ్ వెళ్తుంది, ఆయన ఎక్కడున్నా ఆమోదించాలి, అప్పటిదాకా బిల్లు అచ్చుకాదు. మరచిపోయేవాళ్ళకి గంటగంటకీ గుర్తుచేసే ఏర్పాటు కూడా ఉందని గొప్పగా చెప్పి, అదీ పెట్టేశాను. నంబరు అడిగితే పెద్దాయన ఎక్కడా చూడకుండా గడగడా చెప్పారు. పక్కనున్న వాళ్ళంతా తలలు దించుకున్నారు. క్రమశిక్షణ గల దుకాణం అనుకున్నాను. (దండ వేసిన ఫోటో ఒక్కటైనా గోడ మీద ఉండి ఉంటే నాకు వెలిగేది. ఎక్కడా లేదు.)

ఓ వారం పాటు పరీక్ష. చేత్తో రాసిన బిల్లులే బయటికి వెళ్ళేవి, నేను మాత్రం పక్కన కూర్చుని కంప్యూటర్లో ఉత్తుత్తి బిల్లులు వేసుకుంటూ ఉండేవాణ్ణి. వేసిన బిల్లు వేసినట్టే ఆగిపోయేది. కదలదు. ఆ ఏర్పాటు పెట్టింది నేనే అయినా ఆమోదం సంగతి నాకు తట్టనే లేదు, గంటగంటకీ గుర్తుచేస్తుంటే నొక్కనివాళ్ళు ఎవరుంటారు? ఆపి మళ్ళీ పెట్టాను. తీసేసి మళ్ళీ ఎక్కించాను. నెట్‌లో ఈ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళంతా కష్టసుఖాలు చెప్పుకునే చోట నా గోడు వెళ్ళబోసుకుంటే, ఏ దేశం వాడో ఒకడు, ఆమోదించాల్సిన మనిషి పనిలో ఉన్నాడో లేడో చూసుకున్నావా అని అడిగాడు. నన్ను ఇంత అమాయకుణ్ణి అనుకుంటున్నాడా అని ఒళ్ళు మండి, వాడికి జవాబు కూడా ఇవ్వలేదు. చివరికి ఉత్తుత్తి బిల్లులు కదా, అసలువి వేసేటప్పుడు అదే సర్దుకుంటుందని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

అసలు రోజు వచ్చింది. గురువుగారి సలహా మీద పాత బిల్లు పుస్తకాలు పొద్దున్నే అటకెక్కాయి, వరస నంబర్లు కంప్యూటర్‌లోకి మారిపోయాయి, ఇక చేత్తో బిల్లు రాసే వీల్లేదు. కంప్యూటర్‌కి పసుపూ కుంకుమా పెట్టి, మొదటి బిల్లుగా ఒక పెద్ద ఓడ సరుకు వేశారు. సాయంత్రానికల్లా ఆ ఓడ వెళ్ళిపోతుంది. ఏళ్ళ తరబడి విశాఖ వచ్చినప్పుడల్లా ఈ దుకాణంలోనే సరుకు తీసుకునే ఓడ. చిన్నాయన వెంటపడి సంపాదించిన ఖాతా అని తాళ్ళ బావ చెప్పాడు. సరుకు అందకపోతే మళ్ళీ మన గుమ్మం తొక్కరట. వ్యాను నిండా సరుకెక్కించి బయట నిలబెట్టారు. బిల్లు లేనిదే పోర్టు గేటు దగ్గర లోపలికి పోనివ్వరు. బిల్లేమో ఆగిపోయి కూర్చుంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి వెతికితే వెతికితే, మూలన చిన్న అక్షరాల్లో కనిపించింది: చిన్నాయన ఆమోదం కోసం వేచి ఉంది.

ఓస్, ఇంతేనా అని ఎగిరి గంతేసినంత పని చేశాను. దుకాణమంతా వినబడేలా, చిన్నాయనగారు ఎక్కడున్నారండీ, ఒక్కసారి పిలవండి, ఆయన ఫోనులో ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుందన్నాను. సెలవులో ఉన్నారా అన్నాను. ఊళ్ళో లేరా, పోనీ ఎప్పుడొస్తారో చెప్పండి, ఫోను చేసి నేను మాట్లాడతానన్నాను. మీ తమ్ముడుగారికి పని మీద కాస్త శ్రద్ధ తక్కువలా ఉందండీ, వారం నుంచీ ఒక్కటి కూడా చూడలేదు అని పెద్దాయనతోనే అన్నాను. (రాస్తూ ఉంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.) తాళ్ళ బావ లేచి వచ్చి, నా మోచెయ్యి పట్టుకుని బయట వ్యాను పక్కకి తీసుకెళ్ళాడు.

"సిన్నాయన పోయి ఏడాది తిరగనేదు బావా" అన్నాడు. "ఓడ దిగొచ్చి, గుండె పట్టీసి, ఈ గుమ్మంలోనే కూలబడిపోనాడు. పెద్దాయన ఆ మాట నోటితో అనడు. మేమూ అనం."

ఎండలో ఉల్లిపాయల బస్తాల పక్కన నిలబడి ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి నాకేం హక్కుందని మింగేశాను. లోపలికెళ్ళి పెద్దాయన ముందు నిలబడి, ఆ పేరు తీసేస్తాను, రెండు నిమిషాల పని, బిల్లు వెళ్ళిపోతుందని గొణిగాను. ఆయన వ్యాను వంక చూస్తూ, "ఓడ పోతే పోనీ. ఆడి పేరు నాను తీయించను" అన్నారు. పోనీ ఆయన పేరున నేను నొక్కేస్తానండీ అంటే, ఆడి సంతకం నువ్వెట్టీత్తావా అని నా ముఖంలోకి ఒక్క చూపు చూశారు. ఇక నేను వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను, కంప్యూటర్ మీద చెయ్యి వేయలేదు. తమ్ముడు తెచ్చిన ఓడ పోతుంది, లేదా తమ్ముడి పేరు పోతుంది. ఆయన్ని ఆ ఇరకాటంలో పెట్టింది నేను గొప్పగా పెట్టిన ఆ ఆమోదం ఏర్పాటు.

అప్పుడు గుమ్మం ముందు ఆటో ఆగింది. దిగినావిడ చిన్నాయనగారి భార్య. ఆయన పోయిన రోజు తరవాత ఆ గుమ్మం తొక్కలేదట. చేతిలో చిన్నాయన ఫోను. దాన్ని ఇన్నాళ్ళూ రీచార్జి చేయిస్తూ, చార్జింగు పెడుతూ, ఆవిడే దగ్గర ఉంచుకున్నారు. నా మెసేజీలన్నీ ఆవిడకే వెళ్తున్నాయి. గంటకొకటి చొప్పున, చిన్నాయనగారూ మీ ఆమోదం కోసం బిల్లు వేచి ఉంది అని, వారం పాటు.

"బావగారూ, ఆయనకి పనొచ్చింది" అన్నారు ఆవిడ. "వారం నించీ వొత్తన్నాయి. సదూకుంటన్నాను గానీ ఎవులికీ సెప్పనేదు. ఇయ్యాల ఈ ఓడ పేరొచ్చింది. ఇది ఆయన ఓడ. ఏటి నొక్కాలో నాకు తెల్దు, అందుకొచ్చాను."

ఆవిడ కిటికీ దగ్గరి బల్ల పక్కన నిలబడే ఫోను నాకు చూపించబోతుంటే పెద్దాయన, "నిలబడి కాదమ్మా. కూకో" అన్నారు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఎక్కడ నొక్కాలో నేను చూపించాను. నొక్కేముందు బిల్లులో సరుకంతా పైనుంచి కిందదాకా చదివారు. పసుపు రాసిన ప్రింటరు బర్రుమంది, తాళ్ళ బావ కాగితం పట్టుకుని పరిగెత్తాడు, వ్యాను వెళ్ళిపోయింది. పని అయిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకుంటే, ఆవిడ లేవరే. ఇంకా చాలా ఉన్నాయిగా అన్నారు. అవి ఉత్తుత్తివమ్మా, నేను పరీక్షకి వేసినవి, వదిలేయండన్నాను. "ఆయన పని అట్టే ఎట్టీసీ మనిషి కాదు బాబూ" అని ఒక్కొక్కటీ తెరవడం మొదలుపెట్టారు. ఎవరూ చూడరు కదా అని నేను వాటిలో నోటికొచ్చిన సరుకల్లా రాశాను. ఆవిడ పైకి చదివారు, "ఏనుగులు, పది." తరవాతది, మా గురువుగారి బట్టతలకి కొబ్బరినూనె, ఒక పీపా. దుకాణంలో ముందు ఎవరికీ నవ్వడానికి ధైర్యం చాలలేదు. ముందుగా ఆవిడే నవ్వారు. ఏనుగుల్ని ఆయనుంటే ఓడెక్కించీవోడు కాదు, దీన్ని తిప్పి పంపీసీది ఎక్కడ బాబూ అని అడిగారు. పెద్దాయన నవ్వుతూ నవ్వుతూనే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో అటు తిరిగిపోయారు. తమ్ముడు పోయాక ఆయన ఏడవడం అందరూ చూసింది ఆ రోజేనని తాళ్ళ బావ తరవాత చెప్పాడు. నేను వెళ్ళి వ్యాను నిలబడిన చోట కాసేపు నిలబడి వచ్చాను.

ఆ మర్నాటి నుంచి ఆవిడ రోజూ దుకాణానికి వచ్చారు. ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ ఫోనులోనే, చిన్నాయన పేరునే బిల్లులు చూసేవారు. నేనెప్పుడైనా ఆ వైపు వెళ్తే పెద్దాయన టీ తెప్పించి, ఏనుగులు అమ్ముడయ్యాయా బాబూ అని ఆటపట్టించేవారు. కొన్ని నెలలకి ఆవిడే నాకు ఫోను చేసి రమ్మన్నారు. ఎర్ర రంగు అడిగిన ఓడకి ఆకుపచ్చ డబ్బాలు వెళ్ళిపోయాయట. ఓడవాళ్ళు తిప్పి పంపుతూ పెట్టిన ఫిర్యాదులో, ఆమోదించింది చిన్నాయన అని ఉంది.

"ఆయనున్నన్నాళ్ళూ ఒక్క సరుకు తప్పు పోనేదు" అన్నారు. "తప్పులు నాను సేత్తన్నాను, పేరు ఆయనది పడతంది. ఆయన పేరు తీసీసి నా పేరెట్టు బాబూ."

పెద్దాయన వంక చూశాను. అది ఆయమ్మ ఇష్టం, నన్నడక్కు అన్నట్టు చెయ్యి ఊపారు. పాత బిల్లుల మీద కూడా పోతుందా అని మాత్రం అడిగారు. పోదండీ, ఒకసారి పనిచేసిన మనిషిని ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ చెరిపేయలేరు, ఇకమీదట పని పంపకుండా పక్కన పెట్టడం వరకే కుదురుతుందన్నాను. అది విని తలాడించారు. ఈ మనిషిని పక్కన పెట్టాలా, నిజమేనా అని కంప్యూటర్ అడిగింది. ఆ మీట నేను నొక్కలేకపోయాను. మౌసు ఆవిడ వైపు జరిపాను. ఆవిడ నొక్కబోతూ, ఒళ్ళో ఉన్న ఫోను వంక చూసుకున్నారు.

"ఇంక ఈ ఫోనుకి ఏటీ రాదు కదా?"

రాదండీ అన్నాను. ఆవిడ ఆ ఫోనుని రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. తరవాత దాన్ని సంచిలో పెట్టుకుని, మీట నొక్కారు.

ఇప్పుడు నా కిందా నలుగురైదుగురు పిల్లలు పనిచేస్తున్నారు. కొత్త చోటికి వెళ్ళినప్పుడు, పనిచేసేవాళ్ళ పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించేముందు, ఒక్కొక్కరినీ పిలిపించి చూసి, బాగున్నారా అని పలకరించి గానీ పని మొదలుపెట్టనివ్వను. సార్‌కి చాదస్తం పట్టుకుందని వాళ్ళు నవ్వుకుంటారు. నాకేం కోపం రాదు, ఆ వయసులో నేనైతే ఇంకా గట్టిగా నవ్వేవాణ్ణి.