ఉచిత డేటాబేస్‌ను బాగుచేసింది ఎవరు?

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది మాత్రం నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేనూ, అనకాపల్లి స్నేహితుడు రహీం కలిసి చోడవరంలో ఒక మేడ మీద చిన్న కంప్యూటర్ సెంటర్ నడిపేవాళ్ళం. ఊళ్ళో ఒక డాక్టరు గారు తన ఆసుపత్రి రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. వివరాలు దాచి వెతికిపెట్టే డేటాబేస్ ప్రోగ్రాం కొనుక్కునేది మంచిదా, ఉచితంగా దొరికేది మంచిదా, రెండూ నడిపి చూపిస్తే తేల్చుకుంటానన్నారు.

నాది కొనుక్కునేదాని పక్షం. రహీంది ఉచితం. పత్రికతో వచ్చిన సీడీలోంచి దాన్ని ఎక్కించాడు. పేరు కొడితే వెతికిపెట్టడంలో అతనిదే ముందుండేది. కానీ మధ్యలో కరెంటు పోతే నాది తనంతట తానే సర్దుకునేది, అతనిది పాడై కూర్చునేది. దాన్ని బాగుచేయడం రహీంకే వచ్చు.

డాక్టరు గారు సాయంత్రం వస్తానన్న రోజున రహీం పొద్దున రాలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఉచిత డేటాబేస్ తెరుచుకోలేదు. తోచిందల్లా కొట్టి చూశాను. ఎర్రర్ తప్ప ఏమీ రాలేదు. తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు వచ్చాడు రహీం. కుర్చీ లాగబోతే వద్దన్నాడు. నిలబడే ఏదో టైపు చేశాడు.

"ఏటలా సూస్తన్నావు? బాగైపోనాది. డాక్టరు బాబుకి నాది కూడా సరిగ్గా సూపించు."

"నువ్వే సూపించు. ఉండు, టీ సెప్తాను," అన్నాను.

"నాకు కుదరదు రా," అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. స్క్రీన్ మీద రోగుల పేర్లన్నీ కనిపిస్తున్నాయి.

కాసేపటికి కింద ఎస్టీడీ బూత్ నుంచి ఫోనంటూ పిలుపు. చేసింది రహీం అన్నయ్య. పొద్దున చోడవరం బయల్దేరిన రహీం మోటార్‌సైకిల్‌ని చెరకు లారీ గుద్దేసిందట. అప్పటి నుంచీ అనకాపల్లి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడట.

"ఇప్పుడే ఇక్కడికొచ్చి వెళ్ళేడు కదా," అన్నాను.

"ఏటి మాటాడతన్నావు బాబూ? ఆడు పొద్దున్నుంచీ నా కళ్ళ ముందే ఉన్నాడు," అని ఆయన ఏడ్చేశాడు.

డాక్టరు గారికి ఆ సాయంత్రం రావద్దని కబురు పెట్టి బస్సెక్కి వెళ్ళాను. రహీం రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు ఉన్నాయి. డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదన్నారు. అతని చెవి దగ్గర వంగి, "బాగైంది రా, నడస్తంది," అని చెప్పాను. అంతకు మించి నాకు చేతనైంది లేదు. తెల్లారేసరికి పోయాడు.

తర్వాత డాక్టరు గారికి రెండూ చూపించాను. రహీం తరఫున చెప్పాల్సినవన్నీ నేనే చెప్పాను. ఆయన దాని వేగానికి ఆశ్చర్యపోయారు. "కానీ పాడైతే పిలవడానికి ఒక మనిషి ఉండాలి గదా," అని కొనుక్కునేదే తీసుకున్నారు.

ఆ డేటాబేస్ దానంతట అది బాగుపడుతుందా అని తెలిసినవాళ్ళను అడిగాను. పడదట, ఎవరో ఒకరు కూర్చుని చేయాల్సిందేనట. బూత్ నడిపే ఆయన్నీ అడిగాను. ఆ మధ్యాహ్నం మెట్ల మీద ఎవరూ ఎక్కలేదు, దిగలేదు అన్నాడు. ఆయనకి అబద్ధమాడాల్సిన అవసరం లేదు. నాకూ లేదు. మరి ఏం జరిగిందో ఇన్నేళ్ళయినా చెప్పలేకపోతున్నాను.