పాటలో ఆగిన చోటు

పాత తెలుగు రికార్డులు కొని, కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంటర్నెట్లో అందరూ వినేలా ఉచితంగా పెట్టడం నా పిచ్చి. ఈ పిచ్చికి మా ఇంట్లో పెట్టిన పేర్లు ఇక్కడ రాయను. హైదరాబాద్ కోఠీలో ఒక ఆదివారం పాత సామాన్ల మధ్య దొరికిన చిన్న రికార్డు నన్ను బళ్లారి జిల్లాకు లాక్కెళ్లింది. అట్ట మీద గిటార్లు, డ్రమ్ములతో నలుగురు కుర్రాళ్లు. పైన ‘దోణిమలై ఎర్రదుమ్ము’ అని బృందం పేరు. రికార్డు వయసు నలభై ఏళ్ల పైమాటే. తెలుగులో ఇంత హుషారైన పాప్ పాటలు అప్పట్లో ఎవరో కట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. నాలాంటి పిచ్చివాళ్లు కూడా దాని పేరు వినలేదు.

ఒకటే లోపం. మొదటి పాట మంచి ఊపులో ఉండగా ఆగిపోతుంది. గీత పడిన చప్పుడేమీ ఉండదు, ఉత్త నిశ్శబ్దం. మనం లేచి సూది చూసుకునేలోపు డ్రమ్ము ఢామ్మని మోగి పాట మళ్లీ అందుకుంటుంది. అమ్మినవాడు కూడా డిఫెక్ట్ పీసని చెప్పే ఇచ్చాడు. నేను ఆ ఖాళీని కంప్యూటర్లో కత్తిరించి, అతుకు తెలియకుండా కలిపేశాను. ఆ పనితనానికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పాట పెట్టాలంటే పాడినవాళ్లు ఒప్పుకోవాలి. సండూరులోని మిత్రుడు వాకబు చేసి, పాటగాడు హనుమంతప్ప తారానగర్‌లో ఉన్నాడని నంబరు పంపాడు. ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే.

“డ్రమ్ములు వాయించింది మా తమ్ముడు ఎర్రిస్వామి. వాడు పోయిన యాడాది పోయినాడు. నా దగ్గర ఒగ రికార్డు గూడా లేదప్పా. ఫస్టు వచ్చి వినిపీ, ఆమేలె చూస్తాం.”

కాచిగూడలో రైలెక్కి, తెల్లవారి గుంతకల్లులో మారి, ఎనిమిది దాటాక బళ్లారిలో దిగాను. కంటోన్మెంట్ దగ్గర ఒక చిన్న హోటల్లో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాను. వెళ్లేవాళ్లకు నా సలహా, నీళ్ల గ్లాసు ముందే తెప్పించుకోండి.

తొమ్మిదిన్నరకు సండూరు బస్సు దొరికింది. నేను కండక్టరుకు డబ్బులిస్తుంటే పక్క సీటావిడ ఆధార్ కార్డు చూపించి ఉచిత టికెట్టు తీసుకుని నా వైపు జాలిగా చూసింది. తోరణగల్లు దాటాక రోడ్డు, చెట్లు, లారీలు అన్నీ ఒకే ఎరుపు. ఆవిడ నా చొక్కాను పైనుంచి కిందికి చూసి అంది.

“తెల్లంగి ఏసుకోని వస్తాండావే అప్పా, ఈడ తెల్లది తెల్లగుండదు.”

తారానగర్‌లో దిగేసరికి ఆ మాట సగం నిజమైంది.

హనుమంతప్పకు డెబ్బై ఏళ్లుంటాయి. పొలం ఉంది, గనులకు తిరిగే రెండు లారీలున్నాయి. వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఫోన్లో నేను అతికిన పాట పెట్టాను. ఆయన మోకాలి మీద తాళం వేస్తూ, కళ్లు మూసుకుని, మధ్యలో కుడిచేయి పైకెత్తాడు. పాట ఆగకుండా వెళ్లిపోయింది. ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. చివరిదాకా విని, కళ్లు తెరిచాడు.

“ఇది మా పాట గాదప్పా.”

 అంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అని ఒళ్లు మండింది. ఆయన స్కూటర్ తాళంచెవి తీసుకుని, దోణిమలైకి పోదాం ఎక్కమన్నాడు. ఎందుకని అడిగేలోపే స్టార్ట్ చేశాడు.

అక్కడి ఇనుప ఖనిజం గని టౌన్‌షిప్ బయట టీ కొట్టు దగ్గర దిగేటప్పటికి ఒంటిగంట దాటింది. బృందం పెట్టుకున్న రోజుల్లో అక్కడి క్లబ్బులో ఎలా వాయించేవాళ్లో ఆయన చెబుతుండగా గని వైపు నుంచి సైరన్ మోగింది. ఎవరూ తలెత్తలేదు. కూత ఆగగానే మాత్రం హనుమంతప్ప మాట మధ్యలో ఆపేశాడు. టీ వంచబోతున్న కొట్టాయన గిన్నె ఎత్తిపట్టి నిలబడ్డాడు. పేపరు చదివే మనిషి పేజీ తిప్పబోయి ఆగాడు. ఎక్కడో కొండలో గనివాళ్ల మందుగుండు దభీమని పేలింది. గ్లాసులు గలగలమన్నాయి. టీ గ్లాసులో పడింది, పేజీ తిరిగింది, హనుమంతప్ప ఆపిన మాట దగ్గరే అందుకున్నాడు. తాము ఆగినట్టు కూడా వాళ్లకు తెలియదు.

నాకు అప్పుడు వెలిగింది. అయినా ఆయన నోటనే వినాలని, పాట అక్కడ ఎందుకు ఆగుతుందని అడిగాను.

“దినామూ ఇదే టైముకు ప్రాక్టీసు, ఫస్టు అదే పాట. కూత నిలిసినాక వాయిస్తే పేలుడుకు తాళం చెదురుతుండె. అందుకే ఎర్రిస్వామి కట్టెలు పైకెత్తుతుండె, అందరం నిలుపుతుంటిమి. పేలినాక వాడు ఒగ దెబ్బ ఏస్తే మళ్లా ఎత్తుకుంటుంటిమి. బెంగళూరు స్టూడియోలో కూతా లేదు, పేలుడూ లేదు. ఆ చోటు వచ్చేసరికి వాని చేతులు లేచిపాయ. మేం గూడా సుమ్నే, ఊరికే నిలబడితిమి.”

రెండోసారి రికార్డు చేయడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదట. కొన్నవాళ్లంతా పాడైన రికార్డని తెచ్చి అంగళ్లలో తిరిగి ఇచ్చారట. బృందం అక్కడితో సరి. హనుమంతప్ప టీ ముట్టలేదు.

“నీ చేతులే మన పాటను చంపినాయి గదరా అని అంటి వాన్ని. వాడు మళ్లా కట్టెలు ముట్టలే. ఇప్పుడు నువ్వు గూడా అది కోసేస్తే, వాడు తప్పు చేసినట్టే అయితాది గదప్పా.”

 సంచిలోంచి లాప్‌టాప్ తీసి, కత్తిరించని పాట పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఖాళీ రాగానే చేయి లేచింది. ఈసారి డ్రమ్ము మోగిన క్షణానికే బల్ల మీద దిగింది. కళ్లు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. నాలుగోసారి కొట్టాయన కూడా ఆ చోట గిన్నె ఎత్తి ఆపాడు.

“ఇట్లే పెట్టు, మా వాని పేరు గూడా రాయి,” అని నన్ను బస్సెక్కించాడు హనుమంతప్ప.

సాయంత్రం బళ్లారిలో గుంతకల్లు రైలెక్కాను. చొక్కా ఎర్రబడింది, దోణిమలైలో క్లబ్బు చూడనేలేదు, ఒక్క ఫోటో తీయలేదు. చూడాల్సిన చోట్లని చెప్పడానికి ఈ ప్రయాణంలో నాకు మిగిలింది ఒక టీ కొట్టే. ఒంటిగంట దాటాక వెళ్లండి.

కత్తిరించిన పాటను తుడిచేసి, అసలుదాన్ని సన్నగా పెట్టుకున్నాను. ఎదురు సీట్లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలమ్మ చెవి ఇటే వేసింది. పాట ఆగిపోగానే ఆమె చేయి కూడా ఆగింది.

“నిలిసిపాయనే అప్పా నీ పాట?”

“లేదమ్మా, ఉండు,” అన్నాను. “ఎర్రిస్వామి వస్తాడు.”