బీడీ దారంతో ఊడిన గాలం

మా చిన్నప్పుడు... "చెరువు మత్తడి దుంకింది!" అన్న కేక వినిపిస్తే చాలు, ఊరు ఊరంతా కట్ట మీదే! ఎల్లారెడ్డి దగ్గర మా ఊరు. నిండిన చెరువు మత్తడి మీంచి, అదే అలుగు మీంచి, పొంగి దూకుతుంటే, ఆ నురగలో చేపలు ఎగిరెగిరి పడేవి... పెద్దవాళ్లు వలలతో, పిల్లలం కట్టెకు గాలం కట్టుకుని... అబ్బ, ఏం హడావిడి!

ఆరోజు నా గాలానికి ఇంత పెద్ద జెల్ల చేప పడింది. సంతోషం పట్టలేక దాన్ని ఊడదీస్తుంటే ఒక్కసారిగా కొట్టుకుంది... జెల్ల నీళ్లలోకి, గాలం నా బొటనవేలిలోకి!

గాలం కొనకు లోపలివైపు చిన్న ముల్లు ఉంటుంది కదా... దిగేటప్పుడు ఇట్టే దిగుతుంది, లాగితే కండను పట్టుకుని వదలదు. లాగాను. ప్రాణం పోయినంత పనైంది. పక్కవాళ్లేమో "గట్టిగ గుంజు" అంటారు! వేలు పైకెత్తి పట్టుకుని ఇంటికి ఒకటే పరుగు. వేలు ఊడిపోతుందనే అనుకున్నాను... ఇక గచ్చకాయలు ఎలా ఆడాలి?

మా వాకిట్లో అమ్మ, పక్కింటి పోశవ్వ చిన్నమ్మ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. నన్ను చూడగానే అమ్మ ఆకులు కత్తిరించే కత్తెరతోనే లేచింది. నా ఏడుపు వీధంతా వినిపించింది.

"కత్తెర కింద పెట్టక్కా, పోరి జడుసుకుంటది" అంది చిన్నమ్మ. ఆమె పుట్టిల్లు మహమ్మద్‌నగర్ దిక్కు... ఇంటినిండా చేపలు పట్టే అన్నదమ్ములే.

సబ్బుతో తన చేతులు, నా వేలు కడిగింది. బీడీలు కట్టే దారాన్ని మడతలు వేసి గాలం వంపుకు తగిలించింది. ఇంకో చేతి వేలితో గాలం కాడను నా చర్మానికి అదిమి పట్టింది.

"కంటి కాడనో, లోపలికో దిగితే నేను ముట్టకపోదును, సీదా దవాఖానకే... గిది పైపైననే ఉన్నది. మత్తడి ఎంత ఎత్తు దుంకుతుందే బిడ్డా?"

"మస్తు ఎత్తు చిన్న..."

టక్! దారాన్ని ఒక్క గుంజు గుంజింది. గాలం ఊడింది... చీమ కుట్టినంతే!

కానీ గాలం ఏది? ఎక్కడా లేదు. అమ్మ ముఖం మాడిపోయింది. "చాటల్ల పడ్డదో ఏందో!"

"అయ్యో, బీడీల పెట్టి చుట్టినమంటే తాగెటోని మూతికి గాలమే!" అంది చిన్నమ్మ. అంతే, ఆకు, తంబాకు అన్నీ కుమ్మరించి వెతుకులాట... తుమ్ములే తుమ్ములు! చివరికి చూస్తే గాలం అమ్మ కొంగుకే వేలాడుతోంది. నవ్వలేక చచ్చాం. సాయంత్రం దవాఖానలో సూది వేయించుకున్నప్పుడు మాత్రం గాలానికంటే ఎక్కువ ఏడ్చాను.

మొన్న మత్తడి మళ్లీ దుంకిందని తమ్ముడు వీడియో పంపాడు. కట్ట మీద అందరి చేతుల్లో ఫోన్లే... ఒక్క గాలం కనిపించలేదు. మా వాకిట్లో చాటలూ లేవిప్పుడు.

వీడియో మళ్లీ చూద్దామని ఫోన్ మీద వేలు పెట్టాను... అదే బొటనవేలు, అదే చిన్న మచ్చ. మీ ఒంటి మీదా ఇలాంటి మచ్చ ఒకటి ఉండే ఉంటుంది, దాని కథేంటో చెప్పండి...

మత్తడి ఇప్పుడూ మస్తు ఎత్తు దుంకుతోంది చిన్నమ్మా... అడగడానికే నువ్వు లేవు.